కొత్త కంప్యూటరులో పిలువని అతిథులు

వేసవి సెలవులు ముగిసి కళాశాలలు తెరిచే రోజులలో మన ఇళ్ళలోకి వచ్చే కొత్త వస్తువులలో ల్యాప్‌టాప్ ఇప్పుడు ముఖ్యమైనది. అమ్మాయి ఇంజనీరింగులో చేరుతున్నదనో, అబ్బాయి డిగ్రీ తరగతులు ఆన్‌లైన్‌లో ఉన్నాయనో తండ్రి కూడబెట్టిన సొమ్ము వెచ్చించి, లేదా నెలసరి వాయిదాలకు ఒప్పుకుని ఒక యంత్రాన్ని కొని తెస్తాడు. మధ్యతరగతి కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. అంత సొమ్ము చెల్లించి తెచ్చుకున్న యంత్రంలో మనం అడగని, మనకెవరూ చెప్పని, పొమ్మన్నా ఒక పట్టాన పోని సాఫ్ట్‌వేర్లు ముందే కాపురం పెట్టి ఉంటాయన్న సంగతి చాలామందికి తెలియదు. వాటిని గుర్తించడం ఎలా, సాగనంపడం ఎలా, ఏవి ఉంచుకోవాలి అన్న విషయాలను ఈ నెల ఈ శీర్షికలో పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాము.

ఇవి ఎక్కడి నుండి వస్తాయి?

విండోస్ కంప్యూటరు మన చేతికి వచ్చేసరికి అందులో సాధారణంగా మూడు వర్గాల సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. మొదటిది మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌తో పాటు ఇచ్చేది. రెండవది ఆ యంత్రాన్ని తయారుచేసిన సంస్థ చేర్చేది. మూడవది బయటి సంస్థలు తయారీదారుతో ఒప్పందం చేసుకుని పెట్టించేది. కొద్దికాలం మాత్రమే ఉచితంగా పనిచేసే యాంటీవైరస్‌లు, ఆటలు, ఆన్‌లైన్ దుకాణాల చిహ్నాలు ఈ మూడవ వర్గంలోకి వస్తాయి.

దీని వెనుక ఉన్న లెక్క తేలికగానే అర్థమవుతుంది. పోటీ తీవ్రంగా ఉన్న విపణిలో ఒక్కొక్క ల్యాప్‌టాప్ మీద తయారీదారుకు మిగిలేది స్వల్పం. కొత్త యంత్రంలో చోటిచ్చినందుకు బయటి సంస్థలు చెల్లించే రుసుము ఆ లాభానికి కొంత జత అవుతుంది. రోడ్డు పక్కన ఉన్న ఇంటివారు తమ గోడను సిమెంటు కంపెనీ ప్రకటనకు అద్దెకిచ్చినట్లే ఇదీను. తేడా ఒక్కటే. ఇక్కడ గోడ మనది, అద్దె పుచ్చుకునేది మరొకరు.

ఉంటే ఉండనిస్తే ఏమవుతుంది?

చోటు కొంత తింటాయి, యంత్రం కొంచెం నెమ్మదిస్తుంది, అంతే కదా అని కొందరు అంటారు. సంగతి అంతటితో ఆగదు. ఈ పిలువని అతిథుల వలన కుటుంబానికి కలిగే నష్టాలు మూడు రకాలు.

మొదటిది భయం. ఉచిత గడువు తీరిన యాంటీవైరస్ ఊరకే ఉండదు. తెర మీద కుడివైపు మూలన ఎర్రని పెట్టెలో, మీ కంప్యూటరుకు రక్షణ లేదు, వెంటనే చందా కట్టండి అని హెచ్చరిస్తూ ఉంటుంది. ఆ సమయంలో కంప్యూటరు ముందున్నది కాలేజీకి వెళ్ళే పిల్ల కాకపోవచ్చు. విదేశంలో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడుతున్న తల్లి కావచ్చు. "బేటా, ఇందులో ఏదో ప్రమాదమని వస్తున్నది, డబ్బు కట్టమంటున్నది" అని ఆమె కంగారు పడుతుంది. యంత్రం పాడైపోతుందన్న బెంగతో ఎంతోమంది ఆ చందా కట్టివేస్తారు. విండోస్ 10లోను, విండోస్ 11లోను మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే యాంటీవైరస్ అదనపు ఖర్చేమీ లేకుండా ముందే ఉంటుంది. వేరొక యాంటీవైరస్ యంత్రంలో ఉన్నప్పుడు డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. ఆ రెండవదానిని తొలగించగానే తిరిగి విధిలో చేరుతుంది. అందుచేత, చందా కట్టకపోతే రక్షణే ఉండదన్న మాట నిజం కాదు. మంచి యాంటీవైరస్‌ను ఆలోచించి, ఇష్టపడి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. భయపడి కొనడమే తగదు.

రెండవది మనసు చెదరడం. చదువు కోసం కొన్న యంత్రంలో ఆటల చిహ్నాలు ముందు వరుసలో కూర్చుని ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఖురాన్ పఠనం నేర్చుకుంటున్న చిన్నారి ఎదుట, ఉస్తాద్ గారు ఒక అక్షరాన్ని సరిచేస్తున్న క్షణాన, తెర మూలన ఏదో ఆఫరు దిగుతుంది. బిడ్డ చూపు అటు పోతుంది. పిల్లలకు ఏకాగ్రత లేదని వారిని కోప్పడే ముందు, వారి ఎదుట మనం ఉంచిన తెర ఎలాంటిదో చూసుకోవడం పెద్దల బాధ్యత.

మూడవది అన్నిటికంటే పెద్దది. అది నమ్మకానికి సంబంధించినది. దీనికి లోకమెరిగిన ఉదాహరణ ఒకటి ఉన్నది.

సూపర్‌ఫిష్ నేర్పిన పాఠం

2014లో లెనోవో సంస్థ తన ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో విజువల్‌డిస్కవరీ అనే సాఫ్ట్‌వేర్‌ను ముందుగానే చేర్చి అమ్మింది. దానిని రూపొందించినది సూపర్‌ఫిష్ అనే సంస్థ. వినియోగదారుడు ఇంటర్నెట్‌లో ఏదైనా వస్తువు బొమ్మను చూస్తున్నప్పుడు, అలాంటివే మరికొన్ని వస్తువుల ప్రకటనలు చూపడం దాని పని. చెప్పుకోవడానికి అది అంత ప్రమాదకరంగా వినిపించదు. అయితే ఆ పని చేయడానికి అది ఎంచుకున్న మార్గం ప్రమాదకరమైనది.

మనం బ్యాంకు వెబ్‌సైట్ తెరిచినప్పుడు, అది నిజంగా ఆ బ్యాంకుదేనని ధ్రువీకరించే ఒక డిజిటల్ ముద్ర ఉంటుంది. దానిని సర్టిఫికెట్ అంటారు. ఏ సంస్థ వేసిన ముద్రను నమ్మవచ్చునో తెలిపే జాబితా ఒకటి కంప్యూటరులో ఉంటుంది. విజువల్‌డిస్కవరీ ఆ జాబితాలో తన సొంత ముద్రను చేర్చుకున్నది. ఆపైన వినియోగదారుడికి, బ్యాంకుకు మధ్య నిలబడి, బ్యాంకు పేరిట తానే ముద్ర వేసి లోపలికి పంపేది. టపా మనిషి మన ఉత్తరాన్ని దారిలో విప్పి, చదివి, కొత్త కవరులో పెట్టి, పాత కవరులాగే అంటించి ఇచ్చినట్లన్నమాట. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఆ ముద్ర వేసే రహస్య తాళం అన్ని ల్యాప్‌టాప్‌లలోను ఒక్కటే. 2015 ఫిబ్రవరిలో భద్రతా పరిశోధకులు ఆ తాళాన్ని తేలికగానే బయటపెట్టారు. అంటే రైల్వే స్టేషనులోనో, హోటలులోనో ఉచిత వైఫై వాడుకుంటున్న ల్యాప్‌టాప్‌కు, అదే వైఫైలో ఉన్న మోసగాడు నకిలీ బ్యాంకు పేజీ చూపినా, ఆ యంత్రం దానిని అసలైనదిగానే నమ్ముతుంది.

మన విషయానికి అత్యంత అవసరమైన సంగతి ఇక్కడే ఉన్నది. ఆ సాఫ్ట్‌వేర్‌ను మామూలు పద్ధతిలో అన్‌ఇన్‌స్టాల్ చేసినవారి యంత్రంలో సైతం ఆ ముద్ర అలాగే మిగిలిపోయింది. పేరు పోయింది, ప్రమాదం పోలేదు. దానిని పూర్తిగా తీసివేయడానికి లెనోవో ప్రత్యేకంగా ఒక తొలగింపు సాధనాన్ని విడుదల చేయవలసి వచ్చింది. అమెరికా ప్రభుత్వ వాణిజ్య నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వ్యవహారంపై అభియోగం మోపగా, 2017 సెప్టెంబరులో పరిష్కారం కుదిరింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ముందుగా చేర్చాలంటే వినియోగదారుని స్పష్టమైన అంగీకారం పొందాలన్నది అందులో ఒక షరతు. 32 రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు చెల్లించడానికి కూడా ఆ సంస్థ అంగీకరించింది.

అదే 2015 నవంబరులో డెల్ ల్యాప్‌టాప్‌లలో ఇ-డెల్-రూట్ అనే ఇలాంటి ముద్రే కనిపించింది. దానిని చేతితో తీసివేసినా, దానికి తోడుగా ఉన్న మరొక ఫైలును కూడా తీయనంతవరకు తిరిగి వచ్చి కూర్చునేది. డెల్ క్షమాపణ చెప్పి, తొలగించే విధానాన్ని ప్రకటించింది. అంతకు కొద్ది నెలల ముందే లెనోవో కంప్యూటర్లలో మరొక విచిత్రం బయటపడింది. విండోస్‌ను పూర్తిగా తుడిచి, కొత్తగా ఎక్కించినా, తయారీదారు సాఫ్ట్‌వేర్ మళ్ళీ ప్రత్యక్షమయ్యేది. కారణం అది హార్డ్ డిస్కులో కాక, మదర్‌బోర్డులోని బయోస్‌లో దాగి ఉండడమే. తయారీదారు బయోస్‌లో ఉంచిన ప్రోగ్రామును యంత్రం మొదలయ్యేటప్పుడు నడిపే సదుపాయాన్ని విండోస్ 8 నుండి మైక్రోసాఫ్ట్ కల్పించింది. దానిని ఆధారం చేసుకుని ఇది జరిగింది. తరువాత లెనోవో బయోస్‌ను సవరించి ఆ భాగాన్ని తొలగించింది.

ఈ మూడింటినీ ఆయా సంస్థలు సరిదిద్దుకున్నాయి. నేటి యంత్రాలన్నీ ఇలాగే ఉన్నాయని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఇవన్నీ పేరున్న సంస్థల పెట్టెలలో, సీలు చెదరని కొత్త యంత్రాలలో జరిగినవన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. సరుకులోని లోపాన్ని కప్పిపెట్టి అమ్మరాదన్నది మన దీన్ వ్యాపారికి విధించిన నియమం. పైన పొడి ధాన్యం, అడుగున తడి ధాన్యం పెట్టి అమ్మడం ఎంత తప్పో మనకు తెలుసు. కొన్నవాడికి చెప్పకుండా వస్తువులో మరొకరి ప్రయోజనాన్ని దాచిపెట్టడం కూడా ఆ కోవలోకే వస్తుందని మేము భావిస్తున్నాము.

తొలగించడానికి ముందు

తొందరపడి ఒకటొకటిగా తీసివేయడం ప్రారంభించకూడదు. మొదట మూడు పనులు చేయాలి.

ఒకటి, బిల్లును చదవాలి. మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్‌లు కొన్నింటితో పాటు మైక్రోసాఫ్ట్ ఆఫీస్ శాశ్వత లైసెన్సుతో వస్తుంది. దాని ధర మనం చెల్లించిన సొమ్ములోనే చేరి ఉంటుంది. దానిని నిర్ణీత గడువులోగా ఒక మైక్రోసాఫ్ట్ ఖాతాతో యాక్టివేట్ చేసుకోవాలి. ఇది తెలియక కొందరు దానిని కూడా పనికిరానిదిగా తలచి తొలగించి, ఆ తరువాత ఆఫీస్ కోసం మళ్ళీ డబ్బు ఖర్చు పెడతారు. కొద్దికాలపు ట్రయల్ వేరు, శాశ్వత లైసెన్సు వేరు. బిల్లులోనో, పెట్టె మీదనో, ఆ మోడల్ వివరాలలోనో ఏది ఉన్నదో చూసుకోవాలి. యాక్టివేట్ చేసే ఖాతా దుకాణంవారిది కాకుండా మన సొంతదై ఉండాలి.

రెండు, విండోస్ అప్‌డేట్‌ను పూర్తిగా నడిపి యంత్రాన్ని రీస్టార్ట్ చేయాలి. ఆపైన స్టార్ట్ మెనూలో క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్ అని వెతికి, ఒక రిస్టోర్ పాయింట్ ఏర్పరచుకోవాలి. ఏదైనా పొరపాటు జరిగితే వెనుకకు రావడానికి అది దారి.

మూడు, ఒక కాగితం తీసుకుని మూడు గళ్ళు గీయాలి. అవసరమైనవి, అవసరం లేనివి, ఏమిటో తెలియనివి. యంత్రంలో ఉన్న ప్రతి సాఫ్ట్‌వేర్ పేరును ఈ మూడింటిలో ఒకదానిలో రాయాలి. మూడవ గడిలో ఉన్నవాటి సంగతి తెలుసుకునే వరకు వాటి జోలికి పోరాదు.

తొలగించే క్రమం

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, యాప్స్, ఆపైన ఇన్‌స్టాల్డ్ యాప్స్ అన్న చోటికి వెళ్తే మొత్తం జాబితా కనిపిస్తుంది. విండోస్ 10లో అదే జాబితా యాప్స్ అండ్ ఫీచర్స్ అన్న పేరుతో ఉంటుంది. విండోస్ 11లో పేరు పక్కనున్న మూడు చుక్కలను, విండోస్ 10లో పేరునే నొక్కి అన్‌ఇన్‌స్టాల్ ఎంచుకోవాలి. ఒకేసారి పది తీయకుండా, రెండు మూడు తీసి, యంత్రాన్ని రీస్టార్ట్ చేసి, అన్నీ సవ్యంగా ఉన్నాయని చూసుకుని ముందుకు పోవాలి. ఆటలు, ట్రయల్ సాఫ్ట్‌వేర్లు, దుకాణాల చిహ్నాలు చాలావరకు ఇంతటితోనే వెళ్ళిపోతాయి.

కొన్నింటికి అన్‌ఇన్‌స్టాల్ మీట పనిచేయదు. అవి విండోస్‌లో భాగమైనవి. వాటితో పెనుగులాడడం అనవసరం. స్టార్ట్ మెనూ నుండి వాటి చిహ్నాన్ని అన్‌పిన్ చేసి, సెట్టింగ్స్‌లోని యాప్స్ కింద ఉన్న స్టార్టప్ జాబితాలో వాటి పేరు ఉంటే ఆఫ్ చేస్తే చాలు. యంత్రం ఆన్ చేయగానే అవి లేచి కూర్చోవు.

మొండికేసేవాటి సంగతి

మామూలు పద్ధతికి లొంగనివాటికి కారణాలు నాలుగైదు ఉంటాయి. కారణం తెలిస్తే ఉపాయం తేలిక.

యాంటీవైరస్‌లు తమను ఎవరూ కదపకుండా తమకు తామే కాపలా కాచుకుంటాయి. దొంగ సాఫ్ట్‌వేర్లు వాటిని నిలిపివేయకుండా ఉండడానికి ఈ ఏర్పాటు అవసరమే. అందువలన కొన్నిసార్లు యజమాని తీయబోయినా అవి పూర్తిగా పోవు. మెకాఫీ, నార్టన్ వంటి సంస్థలు తమ యాంటీవైరస్‌ను సంపూర్ణంగా తొలగించే ప్రత్యేక సాధనాన్ని తామే ఉచితంగా అందిస్తున్నాయి. ముందు మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, అది విఫలమైతే ఆ సాధనాన్ని వాడాలి. దానిని ఆయా సంస్థల అధికారిక వెబ్‌సైట్ నుండి మాత్రమే దింపుకోవాలి. పని పూర్తయ్యాక విండోస్ సెక్యూరిటీ తెరిచి, డిఫెండర్ తిరిగి పనిలోకి వచ్చినదో లేదో చూడడం మరువరాదు.

కొన్ని సాఫ్ట్‌వేర్లు వెనుక నడుస్తూ ఉండడం వలన తొలగింపుకు అడ్డుపడతాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులోని స్టార్టప్ భాగంలో దానిని డిజేబుల్ చేసి, యంత్రాన్ని రీస్టార్ట్ చేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయాలి.

తొలగించినది మరునాడు మళ్ళీ కనిపిస్తే, దానిని తిరిగి తెచ్చేది మరొకటి ఉన్నదని అర్థం. తయారీదారు చేర్చిన సిఫారసుల సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉన్నదేమో చూసి దానిని ముందు తొలగించాలి. విండోస్ తానే ఇచ్చే సలహాలను ఆపడానికి సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆపైన నోటిఫికేషన్స్ తెరిచి, అడుగున ఉన్న అడిషనల్ సెట్టింగ్స్‌లో గుర్తులన్నీ తీసివేయాలి.

ఇంట్లో ఒక్కొక్కరికి ఒక ఖాతా తెరిచే అలవాటు మంచిది. అయితే ఒక ఖాతాలో తొలగించిన కొన్ని యాప్‌లు కొత్తగా తెరిచిన మరొక ఖాతాలో తిరిగి కనిపించవచ్చు. కొత్త ఖాతా తెరిచిన ప్రతిసారీ జాబితాను మరొక్కసారి చూసుకోవాలి.

అన్నీ తీసినా ఎర్ర హెచ్చరికలు ఆగకపోతే బ్రౌజరును అనుమానించాలి. ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ అడిగిన నోటిఫికేషన్ అనుమతికి ఎవరో అలో అని నొక్కి ఉంటారు. వైరస్ సోకినదంటూ తెర మీద దిగే ప్రకటనలు కొన్ని అక్కడి నుండి వచ్చేవే. బ్రౌజరు సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ అన్న చోట, మనకు తెలియని పేర్లన్నింటినీ తొలగించాలి. ఎక్స్‌టెన్షన్ల జాబితాను కూడా ఒకసారి పరిశీలించాలి.

ముట్టుకోకూడనివి

ఇల్లు ఊడ్చే ఉత్సాహంలో గుమ్మం ఊడబెరుక్కోకూడదు. గ్రాఫిక్స్, ఆడియో, వైఫై, టచ్‌ప్యాడ్, వేలిముద్ర పేర్లతో ఉన్నవి ఆయా భాగాలు పనిచేయడానికి అవసరమైన డ్రైవర్లు, వాటి సహాయకాలు. విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్, డాట్ నెట్, వెబ్‌వ్యూ2 రన్‌టైమ్ అన్నవి ఇతర సాఫ్ట్‌వేర్లు ఆధారపడేవి. తయారీదారు ఇచ్చిన వాటిలో బయోస్‌ను, డ్రైవర్లను నవీకరించే సాధనం ఒకటి ఉంటుంది. దానిని ఉంచుకోవడమే మేలు. పైన చెప్పుకున్న బయోస్ వంటి లోపాలను సరిదిద్దే సవరణలు అలాంటి దారిలోనే వస్తాయి.

ఒక్క నొక్కుతో అంతా శుభ్రం చేస్తామని వాగ్దానం చేసే క్లీనర్లను, ఎవరో రాసిపెట్టిన స్క్రిప్టులను కొత్త యంత్రంలోకి తేవద్దని మా సలహా. ఒక పిలువని అతిథిని పంపడానికి మరొకరిని పిలవడం వివేకం కాదు.

చివరి మార్గం

ఇంత చేసినా యంత్రం మన మాట వినకపోతే విండోస్‌ను మొదటి నుండి కొత్తగా ఎక్కించుకోవచ్చు. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే మీడియా క్రియేషన్ టూల్ ఉంటే చాలు. విండోస్‌తో వచ్చిన యంత్రానికి దాని లైసెన్సు ఆ మదర్‌బోర్డుతోనే ముడిపడి ఉంటుంది. అందువలన అదే ఎడిషన్‌ను ఎక్కించినప్పుడు మళ్ళీ కొనవలసిన అవసరం రాదు, ఇంటర్నెట్‌కు కలపగానే తనంతట తాను యాక్టివేట్ అవుతుంది. యంత్రంలోనే ఉన్న రీసెట్ సదుపాయం దీనికి ప్రత్యామ్నాయం కాదు. దానితో తయారీదారు చేర్చినవి కూడా తిరిగి రావచ్చు.

ఈ పని చేసేముందు ఫైళ్ళన్నీ వేరే చోట భద్రపరచాలి. వైఫై డ్రైవరును తయారీదారు వెబ్‌సైట్ నుండి పెన్‌డ్రైవ్‌లోకి దింపి ఉంచుకోవాలి. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే బిట్‌లాకర్ రికవరీ కీని మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూసి కాగితం మీద రాసుకోవాలి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే విద్యార్థులకు మాత్రం ఇది చివరి మార్గం కాదు, మొదటి పని. ఇంతకుముందు వాడినవారు అందులో ఏమి ఉంచి వెళ్ళారో, దూరం నుండి యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఏదైనా మిగిలి ఉన్నదో తెలుసుకోవడం కష్టం. దుకాణంవారు ఉచితంగా వేసి ఇచ్చే దొంగ విండోస్, దొంగ ఆఫీస్ కూడా ఈ పిలువని అతిథులలోకే వస్తాయి. వాటిని స్వీకరించడం ధర్మమూ కాదు, క్షేమమూ కాదు.

సొమ్ము విషయంలో జాగ్రత్త

భయపడి ఒకసారి చందా కట్టినవారికి మరొక చిక్కు ఉంటుంది. ట్రయల్ మొదలుపెట్టేటప్పుడో, చందా కట్టేటప్పుడో కార్డు వివరాలిచ్చి ఉంటే, సాఫ్ట్‌వేర్‌ను తొలగించినంత మాత్రాన చందా ఆగదు. యంత్రంలోని తొలగింపు, ఖాతాలోని రద్దు రెండూ వేరువేరు పనులు. ఆ సంస్థ ఖాతాలోకి వెళ్ళి ఆటో రెన్యువల్‌ను నిలిపివేయాలి. బ్యాంకు యాప్‌లోనో, యూపీఐ ఆటోపేలోనో ఆ అనుమతిని రద్దు చేయాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి పునరావృత చెల్లింపుకు 24 గంటల ముందే ఖాతాదారుకు సమాచారం రావాలి. ఆ సందేశాన్ని చదవకుండా తీసివేయకండి.

మరొక హెచ్చరిక. యాంటీవైరస్ తొలగించడం ఎలా అని వెతికేటప్పుడు కనిపించే కస్టమర్ కేర్ నంబర్లకు ఫోన్ చేయవద్దు. సంస్థ ప్రతినిధులమని చెప్పి, యంత్రాన్ని దూరం నుండి తమ అధీనంలోకి తీసుకుని, బ్యాంకు ఖాతా ఖాళీ చేసే ముఠాలు ఆ నంబర్ల వెనుక ఉంటాయి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మన హక్కులు కూడా మనకు తెలిసి ఉండాలి. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద, కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. ఆన్‌లైన్ వ్యాపారంలో వినియోగదారుని మభ్యపెట్టే 13 పద్ధతులను అందులో పేర్కొని నిషేధించింది. లేని తొందర కల్పించడం, పదే పదే విసిగించడం, చందాలో చేరడం తేలిక చేసి బయటపడడం కష్టం చేయడం, వైరస్ సోకినదని బెదిరించి డబ్బు కట్టించడం ఆ జాబితాలో ఉన్నాయి. ఇలాంటి అనుభవం ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

కొనేటప్పుడే అడగండి

ల్యాప్‌టాప్ కొనే దుకాణంలో మనం ర్యామ్ ఎంత, స్టోరేజి ఎంత, వారంటీ ఎన్నేళ్ళు అని అడుగుతాము. వాటితో పాటు మరొక రెండు ప్రశ్నలు చేర్చుకోవాలి. ఇందులో ముందే ఉన్న ట్రయల్ సాఫ్ట్‌వేర్లు ఏవి? ఆఫీస్ శాశ్వతమా, తాత్కాలికమా? జవాబును బిల్లు మీద రాయించుకుంటే ఇంకా మంచిది. కొనేవారందరూ అడగడం మొదలుపెడితే అమ్మేవారు చెప్పడం అలవాటు చేసుకుంటారు. పైన చెప్పుకున్న మార్పులన్నీ ఎవరో ఒకరు అనుమానించి, అడిగి, వెల్లడించినందువలననే వచ్చాయి.

యంత్రం ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రం ఒక గంట ఈ పనికి కేటాయించండి. ఇంట్లో చదువుకున్న పిల్లవాడు ఒక్కడే గదిలో కూర్చుని చేసే పనిగా దీనిని వదలవద్దు. అందరూ కూర్చుని, కాగితం మీది మూడు గళ్ళను కలిసి నింపండి. ఏవి తొలగించారో, ఏ రోజున తొలగించారో రాసి, ఆ కాగితాన్ని బిల్లుతో పాటు భద్రపరచండి. డిఫెండర్ పనిచేస్తున్నదని ఎక్కడ చూడాలో అమ్మీకి, అబ్బాకు ఒకసారి చూపించండి. ఎర్రని పెట్టె ఏదైనా తెర మీదికి వస్తే దాని మీద నొక్కకుండా, డబ్బు కట్టకుండా, ముందు ఇంట్లోవారిని పిలవాలని వారికి చెప్పి ఉంచండి.